హైదరాబాద్ చుట్టుపక్కల పాడి కొట్టాల్లో మీథేన్, లీటరు ఖర్చు రెండూ తగ్గించే పద్ధతి: ఏది ముందు, ఏది తర్వాత

"మా కొట్టంలో బయోగ్యాస్ పెట్టాలా, సూపర్ నేపియర్ గడ్డి వేయాలా, మీథేన్ తగ్గించే పొడి కొనాలా?" చేవెళ్ల, యాచారం, ఘట్‌కేసర్ వైపు పాడి రైతులు తరచూ అడిగే ప్రశ్న ఇది. అడిగిన మూడూ పనికొచ్చేవే. వరుస తప్పితే మాత్రం మూడూ నష్టం తెస్తాయి. మేపు సరిచేయకుండా ముందే యంత్రాలు కొన్న కొట్టాల్లో అవి ఏడాది తిరిగేలోపు మూలన పడుతున్నాయి.

అందుకే ఇక్కడ వరుసకే పెద్దపీట వేశాను. మొదట లెక్క, తర్వాత మేపు, ఆ తర్వాత ఎండ, చూడి, పెండ. కొనుగోళ్లు అన్నిటికంటే చివర. 5 నుంచి 20 పశువులున్న కొట్టాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి తెలిస్తే చాలు. పశువు పెద్దపొట్టలో మేత పులిసేటప్పుడు అక్కడి సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. అది ఎక్కువగా త్రేన్పులతో బయటికి పోతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిమికి కారణమయ్యే వాయువు ఇది. మేతలోని శక్తిలో ఇంచుమించు 6 శాతం ఇలా గాలిలో కలిసిపోతుంది. నాసిరకం మేతయితే ఇంకా ఎక్కువ. ఆ మేతకు డబ్బు పెట్టింది మీరే. దాన్ని పాలుగా మార్చుకోగలిగితే వాతావరణానికీ, మీ జేబుకూ ఒకే పనితో మేలు జరుగుతుంది.

## 1. మొదటి పది రోజులు: లెక్క పుస్తకం

ఈ పది రోజులు కొట్టంలో ఏదీ మార్చకండి. ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి పశువుకూ ఒక పేజీ కేటాయించండి.

రాయాల్సినవి:

- ఉదయం, సాయంత్రం పాలు విడివిడిగా. కొలిచి రాయాలి, అందాజుగా వద్దు
- పాల కేంద్రం ఇచ్చే చీటీలోని వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు)
- ఆఖరి ఈత తేదీ, ఎదకు వచ్చిన తేదీ, సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ
- దాణా, పచ్చిగడ్డి, వరిగడ్డి ఎన్ని కిలోలు. కనీసం రెండు రోజులు తూకం వేసి చూడాలి
- పశువు బరువు

బరువుకు తూకం యంత్రం అక్కర్లేదు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను, భుజం ఎముక నుంచి పిరుదు ఎముక దాకా పొడవును అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే ఇంచుమించుగా కిలోలు వస్తాయి. చుట్టుకొలత 75, పొడవు 58 అయితే దాదాపు 494 కిలోలు. ఆ బరువుకు రోజుకు 2.5 నుంచి 3 శాతం పొడి పదార్థం కావాలి. అంటే మేతలోని నీటిని లెక్కలోంచి తీసేస్తే 12 నుంచి 15 కిలోలు.

ఇక అసలు లెక్క. రోజుకు వచ్చే మొత్తం పాలను పాలిచ్చే వాటితో కాదు, ఒట్టిపోయినవాటిని కూడా కలిపి పెద్ద పశువులన్నిటితో భాగించండి. పది బర్రెల్లో ఆరే పిండుతుంటే, ఒక్కోటి 7 లీటర్లిస్తే, కొట్టం సగటు 4.2 లీటర్లు. ఒక్కోటి అంతే ఇస్తూ ఎనిమిది పిండుతుంటే 5.6. ఒట్టిపోయిన బర్రె కూడా తింటుంది, మీథేన్ వదులుతుంది. ఈ ఒక్క అంకె పెరిగితే లీటరుకు పడే మీథేన్, లీటరు ఖర్చు రెండూ తగ్గినట్టే. కింద చెప్పే ప్రతి పని ఫలితాన్నీ ఈ అంకెతోనే కొలవండి.

## 2. మేపు: ఎక్కువ లాభం ఇక్కడే

### 2.1 పచ్చిగడ్డి జోడీ

సూపర్ నేపియర్ ఒక్కటే వేసి ఊరుకోవడం మన దగ్గర ఎక్కువగా కనిపించే పొరపాటు. రాజేంద్రనగర్‌లో రూపొందిన ఏపీబీఎన్-1 నేపియర్ రకం వేసినా, కో-4 రకం వేసినా, పక్కన పప్పుజాతి మేత ఉండి తీరాలి. నీటి వసతి ఉన్న మేత భూమిలో మూడొంతులు నేపియర్, ఒక వంతు హెడ్జ్ లూసర్న్ (దశరథ గడ్డి) వేయండి. వానాకాలంలో అలసంద, గట్ల మీద అవిసె, సుబాబుల్ వేసుకోవచ్చు.

అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి పచ్చిమేత ఉజ్జాయింపుగా 6–8 కిలోలు పెడితే ఒక కిలో దాణా తగ్గించుకోవచ్చు. త్వరగా అరిగే మేత కావడంతో లీటరుకు పడే మీథేన్ కూడా తగ్గుతుంది.

దశరథ గడ్డి విత్తనం పైపొర గట్టిగా ఉంటుంది. కాగి దించిన వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి విత్తండి. ఇది చేయక మొలక రాలేదని విత్తనాన్ని తిట్టుకునే వాళ్లు చాలామంది.

నేపియర్ మొదటి కోత 60–75 రోజులకు, ఆ తర్వాత ప్రతి 40–45 రోజులకు. మనిషెత్తు దాటి పెరిగితే బరువు కనిపిస్తుంది గానీ కాండం ముదిరి పీచవుతుంది, పశువు ఆకు తిని కాడ వదిలేస్తుంది. ఏ పచ్చిగడ్డినైనా చాఫ్ కట్టర్‌తో ముక్కలు చేసే పెట్టండి.

రెండు జాగ్రత్తలు. పూత రాని లేత జొన్న, వానలు ముఖం చాటేసినప్పుడు వాడిన జొన్న మేపితే విషం ఎక్కి పశువు గంటల్లో పడిపోతుంది. పూత వచ్చాకే కోయండి. రెండోది మూసీ ఒడ్డు పారా గడ్డి. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు అది చవకగా దొరుకుతుంది, నగరంలోని తబేలాలకు ఏడాది పొడవునా అందుతుంది. కానీ ఆ నీళ్లలో నగర మురుగుతో పాటు పరిశ్రమల వ్యర్థాలూ కలుస్తాయి, భారలోహాలు గడ్డిలోకి, పాలలోకి చేరే ప్రమాదం ఉంది. పాలిచ్చే పశువుకు అదే ప్రధాన మేత కాకూడదని నా గట్టి అభిప్రాయం. వేరే దారి లేని రోజుల్లో దాని వాటా తగ్గించి మక్క పాతర గడ్డితో (గాలి తగలకుండా పాతరలో నిల్వచేసిన పచ్చిమేత, సైలేజ్) భర్తీ చేయండి.

### 2.2 వరిగడ్డిని యూరియాతో మాగబెట్టడం

యాసంగి కోతలయ్యాక చుట్టుపక్కల వరిగడ్డి చవకగా దొరుకుతుంది, కొన్నిచోట్ల పొలంలోనే తగలబెడుతున్నారు. కట్టలు కట్టించి తెచ్చుకుంటే పొగా తప్పుతుంది, వేసవి మేతా దొరుకుతుంది. అయితే వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే, అరుగుదల తక్కువ, మీథేన్ ఎక్కువ. మాగబెడితే మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి.

1. 100 కిలోల ఎండు గడ్డికి 4 కిలోల యూరియా తూకం వేయండి. చేత్తో అందాజు వేయొద్దు.
2. యూరియాను 40–50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించండి. ఒక్క పలుకు కూడా మిగలకూడదు.
3. గట్టి నేల మీద టార్పాలిన్ పరిచి, గడ్డిని పొరలు పొరలుగా వేస్తూ ప్రతి పొర మీదా మొక్కలకు నీళ్లు చల్లే డబ్బాతో సమంగా చల్లండి.
4. తొక్కుతూ గాలి పోయేలా అదమండి. పైన టార్పాలిన్ కప్పి అంచులను మట్టితో మూయండి.
5. 21 రోజులు తెరవొద్దు.
6. తెరిచాక ఆ పూటకు కావలసినంతే తీసి, గంట రెండు గంటలు ఆరబెట్టి ఘాటు పోయాక పెట్టండి.

మొదటి వారం మామూలు గడ్డిలో పావు వంతు కలిపి అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా కలిపిన నీళ్ల బకెట్టు పశువుకు అందేచోట ఒక్క నిమిషం కూడా ఉంచకండి, తాగితే ప్రాణం పోతుంది. నురగలు, వణుకు, కడుపు ఉబ్బరం కనిపిస్తే ఆలస్యం చేయక 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం వస్తుంది.

### 2.3 పాతర గడ్డి

మార్చి నుంచి మే దాకా పచ్చిగడ్డి ఉండదు, పాలు పడిపోతాయి. ఈ మూడు నెలలకు పది పశువులకు రోజుకు 15 కిలోల చొప్పున 13,500 కిలోలు కావాలి. ఒక ఘనపు మీటరులో 500–600 కిలోలు పడుతుంది కాబట్టి 25 ఘనపు మీటర్ల పాతర సరిపోతుంది. 3 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు, అయిదున్నర మీటర్ల పొడవు ఉంటే చాలు.

మక్కను కంకి పాలు గట్టిపడుతున్న దశలో కోయాలి. గుప్పెట్లో ముక్కలు గట్టిగా పిండితే అరచేయి తడి కావాలి, నీళ్లు కారకూడదు. 2–3 సెంటీమీటర్ల ముక్కలు చేసి, అడుగు మందం వేసిన ప్రతిసారీ ట్రాక్టరుతో తొక్కించండి. వీలైతే ఒక్క రోజులో, ఎక్కువలో ఎక్కువ రెండు రోజుల్లో నింపి మూసేయండి. 45 రోజుల తర్వాత తెరవండి.

తెరిచాక చూసుకోవాల్సినవి:

- పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, పుల్లని మంచి వాసన ఉంటే బాగుంది
- నల్లగా, కుళ్లు వాసన వస్తే నీరు ఎక్కువైంది. పెట్టకండి
- తెల్ల బూజు పట్టిన భాగాన్ని తీసి పారేయండి. చూడి పశువుకు బూజు ముక్క కూడా పోకూడదు
- రోజూ ముఖం నుంచి నిలువుగా తీస్తూ రండి. పైపొర అంతా ఒకేసారి తీస్తే గాలి తగిలి చెడుతుంది
- పాలు పిండాకే మేపండి, లేదంటే పాలకు వాసన పడుతుంది

### 2.4 దాణా కొలత

ఎక్కువ దాణా పెడితే ఎక్కువ పాలు వస్తాయన్న నమ్మకం వల్ల మన కొట్టాల్లో డబ్బు వృథా అవుతోంది. శరీర పోషణకు కిలో నుంచి కిలోన్నర దాణా, దాని మీద ఆవుకు ప్రతి 2.5 లీటర్ల పాలకు, బర్రెకు ప్రతి 2 లీటర్లకు ఒక కిలో చొప్పున లెక్క కట్టండి. 8 లీటర్లిచ్చే బర్రెకు అయిదు నుంచి అయిదున్నర కిలోలు. రెండు పూటలా పంచి పెట్టాలి. ఏ పశువుకు ఎంతో పలక మీద రాసి కొట్టంలో వేలాడదీస్తే జీతగాడు మారినా కొలత మారదు.

రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి. ఇది పాల కోసమే కాదు, వేళకు ఎదకు రావడానికి కూడా.

సంగారెడ్డి వైపు బీరు కంపెనీల నుంచి వచ్చే పిప్పి మంచి మాంసకృత్తుల మేతే. తాజాగా ఉంటేనే. వేసవిలో రెండో రోజుకే పులిసి బూజు పడుతుంది.

మీ పాల సంఘంలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ రూపొందించిన సమతుల దాణా లెక్క చేసి పెట్టేవాళ్లున్నారేమో అడగండి. మీ దగ్గర దొరికే మేతలతోనే తక్కువ ఖర్చు కలయిక చెబుతారు. మీథేన్ తగ్గించే పొడుల సంగతి దాని తర్వాత. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లు (వగరు పదార్థాలు) ఉన్న మొక్కలతో రూపొందించిన 'హరిత్ ధార' మీథేన్‌ను 17–20 శాతం తగ్గిస్తుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ప్రకటించింది. మంచి ప్రయత్నమే. కానీ వరిగడ్డి, తవుడు మీద బతికే పశువుకు పొడి కలిపితే ప్రయోజనం అంతంతే. పైగా అదే మాట చెప్పుకునే ప్రతి ప్యాకెట్టూ అది కాదు. ఎవరు తయారుచేశారో, ఎక్కడ పరీక్షించారో రాసివుంటేనే కొనండి.

### 2.5 పొరపాట్లు, సవరణలు

- మేత మార్చగానే పారుడు, పాలు తగ్గడం: మార్పును పది రోజులకు విస్తరించండి.
- వెన్న శాతం పడిపోవడం: దాణా ఎక్కువై పీచు తగ్గింది. ఎండుగడ్డి పెంచండి.
- పెండలో గింజలు కనిపించడం: మక్కలు మరీ బరకగా ఉన్నాయి. ఇంకొంచెం మెత్తగా ఆడించండి.
- పెండ మరీ గట్టిగా కుప్పలా పడటం: నీళ్లు చాలడం లేదు, లేదా మేతలో మాంసకృత్తులు తక్కువ.

ఏ మార్పునైనా ముందు రెండు మూడు పశువుల మీద నెల రోజులు చేసి, పుస్తకంలో అంకెలు చూసి మిగతా వాటికి పెంచండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, నష్టమొస్తే అన్నీ వదిలేస్తారు.

## 3. ఎండ: ఉగాదికి ముందే సిద్ధం కావాలి

రోహిణి కార్తెలో పరుగెత్తి ఫ్యాన్లు కొంటే లాభం లేదు. అప్పటికే పశువు మేత తగ్గించేసి ఉంటుంది, ఎద దాటేసి ఉంటుంది. బర్రెకు నల్ల తోలు, చెమట గ్రంథులు తక్కువ. ఎండ దానికే ఎక్కువ తగులుతుంది.

1. కొత్త కొట్టమైతే పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. రేకుల అంచు 8–10 అడుగుల ఎత్తుకు తగ్గొద్దు.
2. రేకుల పైన తెల్ల సున్నం వేయండి. ఇంత చవకైన పని ఇంకోటి లేదు.
3. నీళ్ల తొట్టి నీడలో, పశువు ఎప్పుడంటే అప్పుడు తాగేలా పెట్టండి. పాలిచ్చే పశువు వేసవిలో రోజుకు 80–100 లీటర్లు తాగుతుంది.
4. మేతలో ఎక్కువ భాగం పొద్దున చల్లగా ఉన్నప్పుడు, రాత్రి ఏడు దాటాక పెట్టండి.
5. ఒకటి రెండు నిమిషాలు నీళ్లు చల్లి, తర్వాత ఫ్యాన్ గాలి. పావుగంటకోసారి ఇలా తిప్పండి.

ఫ్యాన్ లేకుండా నీళ్లు మాత్రం చల్లితే కొట్టం ఆవిరితో నిండి ఉక్కపోత పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే గాలి పొడిగా ఉంటుంది కనుక తడి చేయడం బాగా పనిచేస్తుంది. జులై, ఆగస్టులో గాలిలోనే తేమ ఉంటుంది. అప్పుడు నీళ్లు ఆపి ఫ్యాన్ మాత్రమే నడపండి.

## 4. చూడి: ఒట్టిపోయిన రోజులు తగ్గించడం

మొదటి భాగంలో చెప్పిన సగటు పెరగడానికి దగ్గరి దారి ఇదే. బర్రె మూగ ఎదకు వస్తుంది, పగలు తెలియదు. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు కొట్టంలో ఒక చుట్టు తిరిగి మానం నుంచి జారే తీగలు, అరుపు, మాటిమాటికీ మూత్రం పోయడం గమనించండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున గోపాలమిత్రతో (ఊళ్లలో తిరిగి కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్త) సూది వేయించండి.

- ఈనిన మూడు నెలలకూ ఎదకు రాకపోతే పశువుల దవాఖానకు చూపించాలి
- సూది వేయించిన రెండు మూడు నెలలకు చూడి పరీక్ష తప్పనిసరి
- మూడుసార్లు తిరగబడితే (చూడి నిలవక మళ్లీ ఎదకు వస్తే) నాలుగో సూది కంటే ముందు గర్భకోశ పరీక్ష
- ఈనడానికి 60 రోజుల ముందు పాలు మాన్పించాలి

లింగ నిర్ధారిత వీర్యంతో దాదాపు 90 శాతం పెయ్య దూడలే పుడతాయి. చూడి నిలిచే అవకాశం కొంచెం తక్కువ కనుక ఆరోగ్యమైన పడ్డలకు వాడండి, తిరగబడుతున్న పశువుకు వద్దు.

## 5. పెండ: బయోగ్యాస్ పెట్టాలా వద్దా

ముందు ఈ నాలుగూ చూడండి:

- రోజుకు 50 కిలోల పెండ ఉందా? ఆవు 10, బర్రె 15 కిలోల దాకా వేస్తుంది. అంటే అయిదు ఆవులు, లేదా నాలుగు బర్రెలు
- అన్ని రోజులూ 50 లీటర్ల నీళ్లు ఉంటాయా?
- వంటిల్లు దగ్గరలో ఉందా?
- స్లర్రీని (ప్లాంటు నుంచి బయటికి వచ్చే పలచని పెండ ఎరువు) వాడుకునే మేత భూమి ఉందా?

నాలుగింటికీ అవునంటే 2 ఘనపు మీటర్ల ప్లాంటు పెట్టండి. ఒక ఘనపు మీటరు గ్యాస్ ఇంచుమించు 0.45 కిలోల వంటగ్యాస్‌కు సమానం. నిండుగా నడిస్తే నెలకు 27 కిలోలు, అంటే దాదాపు రెండు సిలిండర్లు. చలికాలంలో తగ్గుతుంది. ఒక్కదానికి కాదన్నా ఆగండి. నీళ్లు లేక ఎండిపోయిన ప్లాంటు మీ ఊళ్లో ఇంకెవరినీ ఈ వైపు రానివ్వదు.

నడిపే వరుస:

1. ఎండ తగిలే చోటు, చెట్ల వేళ్లకు దూరంగా, తాగునీటి బావికి కనీసం 15 మీటర్ల అవతల ఎంచుకోండి. సబ్సిడీకి దరఖాస్తు పెడితే మంజూరు కాగితం వచ్చాకే తవ్వకం మొదలుపెట్టండి.
2. తాజా పెండ, నీళ్లు సమానంగా గడ్డలు లేకుండా కలపండి. గడ్డి పరకలు ఏరేయాలి, లేదంటే పైన తెట్టు కడుతుంది.
3. నడుస్తున్న ప్లాంటు నుంచి కొంత స్లర్రీ తెచ్చి మొదటి నింపులో కలిపితే త్వరగా అందుకుంటుంది.
4. మొదట వచ్చే గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది. ఆరుబయట వదిలేయండి, వెలిగించొద్దు.
5. నీలి మంట వచ్చాక రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో నింపండి.

గ్యాస్ ఉన్నట్టుండి తగ్గితే ముందు మీ కొట్టం కడిగే నీళ్లను అనుమానించండి. ఫినాయిల్, బ్లీచింగ్ కలిసిన నీళ్లు ప్లాంటులోకి పోతే లోపలి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పెండ ఎత్తాక కడిగిన నీటికి వేరే కాలువ ఉండాలి. మంట ఎగిరెగిరి పడితే పైపులో నీళ్లు నిలిచాయి, తీసేయండి.

ప్లాంటు గుంతలోకి, స్లర్రీ తొట్టిలోకి ఏ కారణంతోనూ మనిషి దిగకూడదు. విషవాయువు రెండు శ్వాసల్లో పడగొడుతుంది, కాపాడబోయినవాళ్లూ అందులోనే పోతారు.

బయోగ్యాస్ కుదరకపోతే పెండను నీళ్లతో కలిపి గుంతల్లో నిలవబెట్టకండి. నీళ్ల కింద గాలి ఆడక మీథేన్ ఎక్కువగా పుట్టేది అక్కడే. పొడిగా ఎత్తి, నీడలో కుప్ప వేసి, పదిహేను రోజులకోసారి తిరగేయండి. లేదా వానపాముల ఎరువు చేయండి. వంద పశువులు దాటిన తబేలాలైతే కలిసి పెద్ద ప్లాంటు ఆలోచించవచ్చు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో తార్నాకలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) సాంకేతికతతో వ్యర్థాల నుంచి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు, వెళ్లి చూడదగ్గది.

## 6. ఆగి కొనాల్సినవి

చాఫ్ కట్టర్ తప్ప మిగతా యంత్రాలేవీ మొదటి ఏడాది వద్దు. సోలార్ పంపు, పాలు పిండే యంత్రం మంచివే, కానీ కొట్టం సగటు పెరిగాక వాటి బాకీ అవే తీర్చుకుంటాయి. అజొల్లాకు (నీటి మడుల్లో మేతగా పెంచే చిన్న మొక్క) రోజూ ఒక మనిషి శ్రద్ధ కావాలి. పది పశువులకు అది ఇచ్చే మేత ఆ శ్రమకు తగ్గట్టు ఉండదు, ఒకటి రెండు పశువులున్న ఇంటికే అది సరిపోతుంది.

## 7. కార్బన్ ఒప్పందం మీద సంతకం చేసే ముందు

కొన్ని సంస్థలు బయోగ్యాస్ ప్లాంటును తక్కువ ధరకు ఇచ్చి, దానివల్ల తగ్గే మీథేన్‌కు వచ్చే కార్బన్ క్రెడిట్లను (తగ్గించిన వాయువుకు లెక్కకట్టి అమ్ముకునే పత్రాలు) తాము తీసుకుంటాయి. అందులో తప్పు లేదు, మీకు తెలిసి జరిగితే. కాగితం తెలుగులో అడగండి. ఇవి రాసివున్నాయో లేదో చదివించుకోండి:

- క్రెడిట్లు ఎన్నేళ్లు వాళ్లవి, అందులో మీ వాటా ఎంత, ఎప్పుడు చెల్లిస్తారు
- ప్లాంటు చెడితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, ఆ ఖర్చు ఎవరిది
- స్లర్రీ మీద హక్కు పూర్తిగా మీదేనా
- పశువులు అమ్ముకుంటే, ప్లాంటు ఆపేస్తే జరిమానా ఉందా
- మీ ఫోన్ నంబరు, ఫొటోలు, రోజువారీ లెక్కలు ఎవరికి ఇస్తారు

జరిమానా మాట ఉంటే సంతకం ఆపి, పాల సంఘంలో మిగతా రైతులతో కలిసి వెళ్లి ఆ షరతు తీయించండి. ఒక్కరుగా అడిగితే వినకపోవచ్చు, ఇరవై కొట్టాలు కలిసి అడిగితే వింటారు.